ఒక్కపొద్దు నాడు పడిపోయే మనిషి



షుగర్ అంటే మనకు తెలిసింది ఒకటే, ఎక్కువ కావడం. వేంపల్లె బజారులో ఏ మందుల అంగడి ముందు నిలబడినా అదే మాట చెవిన పడుతుంది. పరగడుపున రెండొందలంట, తిన్నాక మూడొందలు దాటిందంట. ఈ పూట నేను చెప్పబోయేది దానికి ఎదురు జబ్బు గురించి. ఒంటికి అవసరం తీరిపోయాక కూడా ఇన్సులిన్ ఊరుతూనే ఉండి, రక్తంలో చక్కెరను కిందికి లాగేసే జబ్బు. క్లోమంలో పుట్టే ఒక చిన్న గడ్డ దీనికి మూలం. దాన్ని ఇన్సులినోమా అంటారు. చాలా అరుదు. ఇంత అరుదైనదాని గురించి రేడియోలో ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. గుర్తుపడితే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. గుర్తుపట్టకపోతే మాత్రం ఆ మనిషికి మూర్ఛ రోగి అనో, మతి చెడిందనో, గాలి సోకిందనో పేరు పెట్టి ఏళ్ళ తరబడి ఊళ్ళు తిప్పుతారు. అందుకే చెబుతున్నాను.

ఒక మనిషిని ఊహించుకోండి. పాపాఘ్ని ఒడ్డున చీనీ తోట ఉన్న నలభై ఐదేళ్ళ రైతు. శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామికి మొక్కు ఉంది. ముందు రోజు రాత్రి రెండు అరటిపండ్లు తిని పడుకున్నాడు. తెల్లవారుజామున లేచి తలస్నానం చేసి, ఒక్కపొద్దుతోనే గుడికి బయలుదేరాడు. వరుసలో నిలబడి గంట దాటింది. చొక్కా వీపుకు అతుక్కునేలా చెమట పట్టింది. టెంకాయ పట్టుకున్న చేయి వణుకుతోంది. భార్య, "ఏమయ్యా, ముందుకు జరుగు" అంటే కదలడు. ఎవరో పరాయి మనిషిని చూసినట్టు ఆమెను చూస్తాడు. "బండి యాడుంది, బండి యాడుంది" అని ఒకటే మాట, నాలుక మందమైనట్టు. ఆమె భుజం పట్టుకుంటే విసిరికొట్టాడు. ఏనాడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ తర్వాత కాళ్ళు వదిలేసి కూలబడ్డాడు. చుట్టూ జనం మూగారు. ఎండదెబ్బ అన్నారొకరు. స్వామి ఒంటిమీదికి వచ్చినాడన్నారు ఇంకొకరు. మూర్ఛ, తాళాల గుత్తి చేతిలో పెట్టండి అని మరొకరు. ఈలోగా ఒక పెద్దమ్మ మనిషికి మింగే తెలివి ఉందని చూసుకుని, బెల్లం నీళ్ళు కొంచెం కొంచెంగా తాపింది. పావుగంట తిరిగేసరికి లేచి కూర్చుని, "ఏమైంది నాకు, ఎందుకు ఇంతమంది చేరినారు" అని అడిగాడు. జరిగింది ఒక్కటీ గుర్తులేదు.

జబ్బు పేరు ఈ సంఘటనలోనే ఉంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మనిషి మారిపోయాడు. ఆ నిమిషంలో వేలు గుచ్చి చూసుంటే చక్కెర బాగా తక్కువ కనపడి ఉండేది. తీపి లోపలికి పోగానే మామూలు మనిషి అయ్యాడు. న్యూయార్క్‌లో సర్జన్‌గా పనిచేసిన అలెన్ విపుల్ ఈ మూడింటినీ కలిపి 1935లో ఒక సూత్రంగా చెప్పాడు. మూడూ ఒకేచోట కనిపిస్తేనే క్లోమం మీద కత్తి పెట్టే ఆలోచన చేయాలన్నాడు. స్కానింగులు లేని రోజుల్లో ఆయన చెప్పిన మాట ఇన్ని యంత్రాలు వచ్చిన తర్వాత కూడా చెక్కుచెదరలేదు. ఈ రోజుకీ పరీక్ష మొదలయ్యేది అక్కడి నుంచే.

మరి మామూలు మనిషి ఒక్కపొద్దు ఉంటే ఏమీ కాదే! గండికి వచ్చేవాళ్ళలో చాలామంది ఏమీ తినకుండానే వస్తారు. మన ముస్లిం సోదరులు రంజాన్ నెలంతా తెల్లారుజాము నుంచి పొద్దు గుంకే వరకు నీళ్ళు కూడా ముట్టకుండా అంగడి పని, సేద్యం పని చేసుకుంటారు. అది ఎలా సాధ్యమవుతుందో తెలిస్తే ఈ జబ్బు సగం అర్థమైనట్టే.

మెదడు బరువు ఒంటి బరువులో నూటికి రెండు పాళ్ళు. అయినా ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు దానికే కావాలి. రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ కాలుస్తుంది. తనదగ్గర నిలవ పెట్టుకునే ఏర్పాటు దానికి దాదాపు లేదు. నిమిష నిమిషానికి రక్తంలోంచి అందాల్సిందే. మనం తినని వేళల్లో ఆ చక్కెరను పంపేది కాలేయం. తిన్నప్పుడు దాచుకున్నదాన్ని రాత్రంతా కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది. ఆ నిలవ తగ్గుతున్నకొద్దీ ఒంట్లోని కొవ్వు కరిగి కీటోన్లు తయారవుతాయి. గ్లూకోజ్ తగ్గిన రోజుల్లో మెదడు వాటితో కూడా నెట్టుకొస్తుంది. ఈ రెండు పనులూ జరగాలంటే ఒక షరతు ఉంది. రక్తంలో ఇన్సులిన్ తగ్గాలి. ఇన్సులిన్ ఉన్నంతసేపూ కాలేయం తన నిలవను విడవదు, కొవ్వు కరగదు. ఆరోగ్యంగా ఉన్నవాడి క్లోమం ఉపవాసం మొదలైన కొన్ని గంటలకే ఇన్సులిన్‌ను దాదాపు కట్టేస్తుంది. ఇన్సులినోమా ఉన్నవాడికి అది కట్టుబడదు. అందుచేత అతని మెదడుకు చక్కెరా అందదు, దాని బదులు కీటోన్లూ అందవు. రెండు దారులూ మూసుకుపోయిన మెదడు తికమక పడక ఏం చేస్తుంది?

ఇన్సులిన్ ఎక్కడ తయారవుతుందో చూద్దాం. కడుపు వెనకాల, వెన్నెముకకు ముందు, అడ్డంగా జానెడు పొడవున ఉంటుంది క్లోమం. తల భాగం చిన్నపేగు ఒంపులో, తోక భాగం ఎడమవైపు ప్లీహం దగ్గర ఉంటాయి. అందులో ఎక్కువ భాగం అరుగుదలకు కావలసిన రసాలు చేస్తుంది. 1869లో బెర్లిన్‌లో వైద్యం చదువుతున్న పాల్ లాంగర్‌హాన్స్ అనే కుర్రాడు సూక్ష్మదర్శినిలో ఈ రసాల కణాల మధ్య వేరే రకం కణాల గుంపులు చూశాడు. ఏం పని చేస్తాయో ఆయనకు అంతుపట్టలేదు. మన బడి పుస్తకాల్లో చదువుకున్న లాంగర్‌హాన్స్ పుటికలు అవే. మొత్తం క్లోమంలో నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించవు. వాటిలోని బీటా కణాలు ఇన్సులిన్ చేస్తాయని రుజువై, ఆ ఇన్సులిన్‌ను విడదీసి వాడగలగడానికి 1921, 1922 దాకా ఆగాల్సి వచ్చింది. టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఆ పని చేశారు.

బీటా కణానికి రక్తంలో చక్కెర ఎంతుందో ఎలా తెలుస్తుంది? గ్లూకోజ్ కణంలోకి వచ్చి కాలుతుంది. కాలితే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం పుడుతుంది. ఏటీపీ పెరిగితే కణం గోడలో పొటాషియం బయటికి పోయే దారులు మూసుకుంటాయి. దాంతో గోడ మీద విద్యుత్తు మారి, కాల్షియం లోపలికి దూసుకొచ్చి, ఇన్సులిన్ నింపుకున్న చిన్న చిన్న తిత్తులు బయటికి విడుదలవుతాయి. చక్కెర తగ్గితే ఏటీపీ తగ్గుతుంది, దారులు తెరుచుకుంటాయి, ఇన్సులిన్ ఆగుతుంది. ఈ ఏటీపీ సంగతి లోకానికి తెలిసింది 1929లో. జర్మనీలో లోమాన్, అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు, ఆ ఏడాదే విడివిడిగా దాన్ని బయటపెట్టారు. భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన మనిషి. ఒంట్లో శక్తి ఎలా నడుస్తుందో చెప్పే ప్రతి పాఠంలోనూ ఆయన కృషి ఉంది. మన పిల్లల పాఠాల్లో ఆయన పేరు ఇంకా గట్టిగా వినపడాలని నా కోరిక.

గడ్డగా మారిన బీటా కణాలు ఇన్సులిన్ చేయడం మరచిపోవు. ఆపడం మరచిపోతాయి. మన తోటల్లో బోరు మోటారుకు ఆటో స్టార్టర్ పెడతాం కదా. కరెంటు వచ్చిందంటే చాలు, చెట్ల పాదులు నిండాయా లేదా అని చూడకుండా నీళ్ళు తోడుతూనే ఉంటుంది. ఈ కణాల తీరు అచ్చం అదే.

అసలు ఈ గడ్డ ఎందుకు పుడుతుంది? తీపి ఎక్కువ తిన్నందుకా, మందు తాగినందుకా, మనసులో దిగులు పెట్టుకున్నందుకా? వీటిలో దేనితోనూ దీనికి సంబంధం తేలలేదు. రోగిని, ఇంటివాళ్ళను వేలెత్తి చూపడానికి ఇక్కడ కారణమేమీ లేదు. ఎక్కువమందిలో ఒక్క బీటా కణం జన్యువుల్లో ఎప్పుడో జరిగిన ఒక్క తప్పుతో ఇది మొదలవుతుంది. ఆ కణం విభజన అదుపు తప్పుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది అయి, ఏళ్ళ మీద ఒక ఉండ కడుతుంది. 2013లో చైనా శాస్త్రవేత్తలు వంశపారంపర్యం కాని ఇన్సులినోమాలను తీసుకుని జన్యువులను అక్షరం అక్షరం చదివారు. వాటిలో దాదాపు 30 శాతం గడ్డల్లో వైవై1 అనే ఒకే జన్యువులో, ఒకే తావులో, ఒకే అక్షరం మారి ఉంది. వేరే వేరే మనుషులు, ఒకరికొకరు సంబంధం లేనివాళ్ళు, తప్పు మాత్రం ఒకటే. వైవై1 వేరే జన్యువులను నడిపించే జన్యువు. దాని పగ్గాలు మారితే కణం పెరుగుదల, ఇన్సులిన్ తయారీ రెండూ దారి తప్పుతాయి. ఈ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు.

నూటికి పదిమంది లోపు రోగుల్లో మాత్రం ఇది వంశంలో వస్తుంది. ఎమ్ఈఎన్ 1 అనే వ్యాధి అది. పదకొండో క్రోమోజోములో ఉండే ఒక జన్యువు మెనిన్ అనే ప్రొటీనును చేస్తుంది. కణాలు విచ్చలవిడిగా పెరగకుండా అది అడ్డుకుంటుంది. ఆ జన్యువును 1997లో కనుక్కున్నారు. ప్రతి కణంలోనూ దానికి రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఈ కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు ఒక ప్రతి పుట్టుకతోనే చెడిపోయి ఉంటుంది. ఎప్పుడో ఒక కణంలో రెండోది కూడా పోతే అక్కడ గడ్డ మొదలవుతుంది. మనవైపు వెంటనే వచ్చే ప్రశ్న, మేనరికం వల్లనా అని. దీనికి మేనరికంతో పని లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. ఇలాంటి ఇళ్ళలో గడ్డ చిన్న వయసులోనే వస్తుంది, ఒకటికి మించి ఉంటుంది. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు పెరిగి రక్తంలో కాల్షియం ఎక్కువ కావడం, మూత్రపిండాల్లో మాటిమాటికి రాళ్ళు రావడం, తల లోపల పిట్యూటరీ గ్రంథిలో గడ్డ రావడం ఒకే కుటుంబంలో కనిపిస్తాయి. అందుకే డాక్టరు మీ నాయనకు, మీ అత్తకు ఏమైనా జబ్బులున్నాయా అని అడిగితే విసుక్కోకుండా చెప్పండి.

గడ్డ అనగానే క్యాన్సరేనా అని గుండె జారుతుంది. ఇన్సులినోమాల్లో పదింటికి తొమ్మిది క్యాన్సర్ కావు. పదింటికి తొమ్మిది ఒంటరిగానే ఉంటాయి. పదింటికి తొమ్మిది రెండు సెంటీమీటర్ల లోపే. ఇంత చిన్నది కాబట్టి నొప్పి పెట్టదు, చేతికి తగలదు, మామూలు కడుపు స్కానింగులో తప్పించుకుంటుంది. అయినా మనిషిని నిలువునా పడేస్తుంది.

లోకంలో దీన్ని మొదట పట్టుకున్న కథ ఒక డాక్టరుదే. అమెరికాలో ఎముకల సర్జన్ ఒకాయన తరచూ చక్కెర పడిపోయి స్పృహ తప్పేవాడు. గంట గంటకూ ఏదో ఒకటి తింటే తప్ప నిలబడలేని స్థితి. మేయో క్లినిక్‌లో 1926లో విలియం మేయో ఆయన పొట్ట తెరిచి చూస్తే క్లోమంలో గడ్డ ఉంది, అప్పటికే కాలేయానికి పాకింది. తీయడానికి వీలు లేకపోయింది. ఆ రోగి చనిపోయాక ఆ కాలేయపు గడ్డల నుంచి సారం తీసి కుందేళ్ళకు ఎక్కిస్తే వాటి చక్కెర పడిపోయింది. గడ్డే ఇన్సులిన్ చేస్తోందని రుజువైంది. రస్సెల్ వైల్డర్, ఆయన తోటివాళ్ళు 1927లో ఈ సంగతి ప్రచురించారు. తర్వాత రెండేళ్ళకే, 1929లో, టొరంటోలో రాస్కో గ్రాహమ్ ఒక మహిళ క్లోమం నుంచి ఇలాంటి గడ్డను విజయవంతంగా తీశాడు. మందుగా ఇన్సులిన్ పుట్టిన ఊళ్ళోనే, అది ఎక్కువై కొట్టుమిట్టాడుతున్న మనిషికి మొదటిసారి విముక్తి దొరికింది.

ఎంత అరుదో ఒక లెక్క చెబుతాను. పది లక్షలమందిలో ఏడాదికి ఒకరి నుంచి నలుగురికి కొత్తగా వస్తుందని అంచనా. 2011 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి కడప జిల్లా 28 లక్షల 80 వేల పైచిలుకు. ఆ లెక్కన ఆ ఉమ్మడి జిల్లాలో ఏడాదికి ముగ్గురి నుంచి పదకొండు మంది దాకా ఉండాలి. వేంపల్లె, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఈ క్షణాన ఇద్దరు ముగ్గురు ఉన్నా ఆశ్చర్యం లేదు. వాళ్ళు ఎక్కడున్నారు? నా భయం ఏమిటంటే, వాళ్ళలో కొందరు మూర్ఛ మాత్రలు మింగుతున్నారు. మాత్ర మానలేదు, అయినా ఫిట్స్ ఎందుకు తగ్గడం లేదో ఎవరికీ తెలియదు. ఇంకొందరిని ఇంట్లో ఒక గదికి పరిమితం చేసి ఉంటారు. పెద్ద పెద్ద ఆసుపత్రుల అనుభవంలో కూడా దాదాపు ఐదుగురిలో ఒకరికి మొదట నరాల జబ్బనో, మానసిక జబ్బనో పేరు పెట్టారు.

పొరబాటు పడడానికి కారణం లేకపోలేదు. చక్కెర పడిపోవడం మొదట్లో ఆకలి, చెమట, వణుకు, గుండె దడతో హెచ్చరిస్తుంది. మాటిమాటికి పడిపోతుంటే ఒంటికి అలవాటై ఆ హెచ్చరికలు మందగిస్తాయి. ఒక్కసారిగా మెదడు మీదికే వస్తుంది. ఒకటి రెండుగా కనపడడం, మాట తడబాటు, అర్థంలేని కోపం, తెలిసిన దారిలో తప్పిపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం. సాయంత్రానికి డాక్టరు దగ్గరికి తీసుకొచ్చేసరికి ఉగ్గాని, అన్నం తిని మామూలుగా ఉంటాడు. రక్తం చూస్తే తొంభై, వంద. తలకు స్కాన్ తీస్తే ఏమీ ఉండదు. డాక్టరు మాత్రం ఏం చేయగలడు? ఇంకో ఆనవాలు ఉంది. కొందరు తమకు తెలియకుండానే తింటే బాగుంటుందని గ్రహించి, అర్ధరాత్రి లేచి చెనిక్కాయలు, బెల్లం, బొరుగులు తింటూ ఉంటారు. ఒళ్ళు పెరుగుతుంది. ఇంట్లోవాళ్ళు తిండిపోతు అని తిడతారు. ఆ తిండి మీదే అతని ప్రాణం నిలిచి ఉందని వాళ్ళకేం తెలుసు?

ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. చక్కెర పడిపోయిన ప్రతి ఒక్కరికీ ఇన్సులినోమా ఉందనుకుని బెంగ పెట్టుకోవద్దు. మన చుట్టూ చక్కెర పడిపోయేవాళ్ళలో చాలా ఎక్కువమంది షుగర్ రోగులే. మాత్ర వేసుకుని బువ్వ తినడం ఆలస్యం చేసినవాళ్ళు, ఇన్సులిన్ సూది మోతాదు ఎక్కువైనవాళ్ళు. ఇంట్లో తాత షుగర్ మాత్రను బీపీ మాత్ర అనుకుని అవ్వ మింగడం కూడా జరుగుతుంది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు ఇందాక చెప్పిన ఆ పొటాషియం దారులనే మూసేసి ఇన్సులిన్ పిండుతాయి. ఈ గుణం కూడా అనుకోకుండానే బయటపడింది. 1942లో ఫ్రాన్సులోని మాంపెలియేలో టైఫాయిడ్‌కు ఒక కొత్త సల్ఫా మందు ఇస్తే రోగులకు చక్కెర పడిపోయింది. దాన్ని పట్టుకుని పోతే షుగర్ మాత్రలు పుట్టాయి. కాబట్టి ఇంట్లో ఎవరికి పడిపోయినా ముందు మాత్రల డబ్బాలు చూడండి. పేరు, చీటీ లేని చూర్ణాలు వాడుతుంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. ఖాళీ కడుపున సారాయి, చెడిపోయిన కాలేయం, అడ్రినల్ గ్రంథుల లోపం, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, ఇవి కూడా చక్కెరను పడేస్తాయి. ఇవేవీ కావని తేలాకే గడ్డ మాట.

గడ్డ ఉందని నిర్ధారించే పరీక్ష కూడా ఉపవాసమే. డాక్టర్ల కళ్ళముందు, మంచం మీద, 72 గంటలు. రోగిని ఆసుపత్రిలో చేర్చుకుని చేతికి సూది గొట్టం పెడతారు. ఆఖరిసారి తిన్న సమయం కేసుషీటు మీద రాస్తారు. నీళ్ళు తాగవచ్చు, వరండాలో నడవవచ్చు, నడవాలి కూడా. ఆరు గంటలకొకసారి రక్తం తీస్తారు. చక్కెర 60 కిందికి వచ్చిందంటే గంటకో రెండు గంటలకో. నర్సు మధ్యమధ్యలో వచ్చి ఈ రోజు ఏ వారం అమ్మా, నూటిలోంచి ఏడు తీసేస్తే ఎంత అని అడుగుతుంది. రోగి జవాబుకు తడుముకోవడం మొదలైందంటే అసలు ఘడియ వచ్చిందన్నమాట. ఆ క్షణంలో తీసిన రక్తమే కీలకం. చక్కెర 55 కన్నా తక్కువ ఉండగా మిల్లీలీటరు రక్తంలో ఇన్సులిన్ 3 మైక్రోయూనిట్లో అంతకు మించో, సీ పెప్టైడ్ 0.6 నానోగ్రాములో అంతకు మించో ఉంటే, ఆగాల్సిన చోట క్లోమం ఆగలేదని తేలినట్టు. ఎక్కువమందిలో 24 గంటలకే తేలిపోతుంది, 48 గంటలకు దాదాపు అందరిలో. అప్పటికప్పుడు గ్లూకోజ్ ఎక్కించి పరీక్ష ముగిస్తారు. దయచేసి దీన్ని ఇంట్లో చేసి చూద్దామని ఎవరూ అనుకోవద్దు. ప్రాణం మీదికి వస్తుంది.

సీ పెప్టైడ్ ఎందుకంటే, క్లోమం మొదట ప్రోఇన్సులిన్ అనే పెద్ద గొలుసు చేసి, దాన్ని తుంచి ఇన్సులిన్, సీ పెప్టైడ్ అనే రెండు ముక్కలుగా వదులుతుంది. డోనాల్డ్ స్టైనర్ 1967లో ఇది కనుక్కున్నాడు. అంగట్లో దొరికే ఇన్సులిన్ సూదిలో సీ పెప్టైడ్ ఉండదు. కాబట్టి ఇన్సులిన్ ఎక్కువ, సీ పెప్టైడ్ తక్కువ ఉంటే అది బయటి నుంచి పొడిచిన సూది. రెండూ ఎక్కువ ఉంటే లోపలిది. అప్పుడు కూడా మాత్రల ప్రభావం కాదని అదే రక్తంలో సరిచూసుకుంటారు.

ఆ తర్వాత గడ్డ ఎక్కడుందో వెతకాలి. సీటీ, ఎమ్ఆర్ఐలలో చాలా వరకు దొరుకుతుంది. దొరకనప్పుడు నోటి గుండా కడుపులోకి ఎండోస్కోపు పంపి, దాని కొసన ఉన్న అల్ట్రాసౌండుతో క్లోమాన్ని అతి దగ్గరగా చూస్తారు. బీటా కణాలకు అతుక్కునే ఎక్సెండిన్ అనే పదార్థంతో చేసే పెట్ స్కాన్ కూడా ఇప్పుడు ఉంది. చోటు దొరికితే సర్జన్లు గడ్డ వరకే ఒలిచి తీస్తారు. లోతుగా ఉంటే క్లోమంలో కొంత భాగం తీయాల్సి వస్తుంది. ఆపరేషను అయిన కొన్ని గంటలకే చక్కెర పైకి లేస్తుంది. మేయో క్లినిక్ 1927 నుంచి 1986 వరకు తాము చూసిన 224 మంది రోగుల లెక్క తీసింది. మొత్తంగా చూస్తే వాళ్ళ ఆయుష్షు మామూలు మనుషుల ఆయుష్షుతో సమానంగా ఉంది.

ఆపరేషనుకు తట్టుకోలేని వాళ్ళ సంగతి ఏమిటి? ఇక్కడ మనవాళ్ళు చేసిన పని చెప్పుకోవాలి. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డాక్టర్ సందీప్ లఖ్టాకియా, డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి, వాళ్ళ బృందం ముగ్గురు ఇన్సులినోమా రోగులకు పొట్ట కోయకుండా వైద్యం చేశారు. నోటి గుండా ఎండోస్కోపు పంపి, కడుపు గోడ లోంచి సూదిని గడ్డలోకి గుచ్చి, రేడియో తరంగాల వేడితో దాన్ని లోపలే మాడ్చేశారు. ముగ్గురికీ చక్కెర పడిపోవడం త్వరగా ఆగింది. పదకొండు పన్నెండు నెలలు గమనించినా తిరిగి రాలేదు. ఈ ఫలితాలు 2016లో అంతర్జాతీయ వైద్య పత్రికలో అచ్చయ్యాయి. అప్పటికి ప్రపంచంలోనే కొద్దిమంది మాత్రమే ప్రయత్నించిన పద్ధతి ఇది. నాగేశ్వర్ రెడ్డి గారు వైద్యం చదివింది మన రాయలసీమలోనే, కర్నూలు మెడికల్ కాలేజీలో. 2023లో వేరే వేరే దేశాల డాక్టర్లు ఈ పద్ధతిలో వైద్యం చేయించుకున్న 89 మందిని, ఆపరేషను చేయించుకున్న 89 మందిని పక్కపక్కన పెట్టి చూశారు. సూది పద్ధతిలో ఇబ్బందులు 18 శాతం, ఆపరేషనులో దాదాపు 62 శాతం. అయితే సూది పద్ధతిలో ఆరుగురిలో ఒకరికి జబ్బు మళ్ళీ వచ్చింది. అందుకని వయసులో ఉండి, ఆరోగ్యం బాగున్నవాళ్ళకు ఆపరేషనే మేలన్నది నా అభిప్రాయం. ముసలివాళ్ళకు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఈ సూది వరం. ఏదీ చేయలేని రోగులకు డయాజాక్సైడ్ అనే మాత్ర ఉంది. అది అవే పొటాషియం దారులను తెరిచి పెట్టి ఇన్సులిన్‌ను తగ్గిస్తుంది. ఒళ్ళు వాయడం, వెంట్రుకలు పెరగడం లాంటి ఇబ్బందులు ఉంటాయి.

ఈ వైద్యం వేంపల్లెలో జరగదు. కడప రిమ్స్‌లో చూపించుకుని, అవసరమైతే తిరుపతి స్విమ్స్‌కో, వేలూరు సీఎంసీకో, హైదరాబాదు నిమ్స్‌కో పోవాలి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, మీ ఆరోగ్య కార్డు దేనికి వర్తిస్తుందో ముందే కనుక్కోండి. కాని మొదటి అడుగు మాత్రం ఇంట్లోనే పడాలి, ఎందుకంటే చక్కెర పడిపోయే నిమిషం డాక్టరు గదిలో రాదు. మీ ఇంట్లో, మీ తోటలో, గుడి వరుసలో వస్తుంది. ఇప్పుడు వీధికో నాలుగిళ్ళలో షుగర్ మిషన్ ఉంది.

అందుకే వింటున్న అక్కలకు, అన్నలకు నా విన్నపం ఇది. తెల్లవారుజామునో, ఒక్కపొద్దు నాడో, కష్టం చేసి తిండి ఆలస్యమైనప్పుడో ఇంట్లో ఒక మనిషి తేడాగా మాట్లాడుతున్నా, ఫిట్స్ వస్తున్నా, తిన్నాక మళ్ళీ మామూలు అవుతున్నా వేలు గుచ్చి అంకె చూడండి. అర నిమిషం పని. మిషన్ చేతికి అందకపోతే దానికోసం ఆగవద్దు. మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాపి, పావుగంట తర్వాత మళ్ళీ చూడండి. ఆ తర్వాత తప్పకుండా ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఇలాంటి మనిషిని ఒంటరిగా బండి నడపనివ్వకండి, బావి దగ్గరికి పంపకండి. జబ్బు తేలేదాకా ఒక్కపొద్దులు, రోజాలు ఆపి, సంగతి డాక్టరుతో మాట్లాడండి. పడిపోయిన సమయం, అంతకుముందు తిన్న సమయం, మిషన్ చూపిన అంకె, తీపి ఇచ్చాక ఎన్ని నిమిషాలకు తేరుకున్నాడు అన్నది ఒక కాగితం మీద రాసి, డాక్టరు చేతిలో పెట్టండి. ఆ అంకె 55 కన్నా తక్కువ ఉండి, మనిషి షుగర్ మందులు వాడనివాడైతే, "సార్, ఇది ఎందుకు పడిపోయింది" అని అడగండి. జవాబు దొరికేదాకా అడగండి.